1918 రూపాయా, 1944 రూపాయా?

అమ్మమ్మల పెట్టెల్లోంచి వెండి రూపాయలు బయటపడగానే అందరూ తక్కెడ మీదే పడతారు గానీ, ఐదో జార్జి 1918 రూపాయి, ఆరో జార్జి 1944 రూపాయి రెండూ 11.66 గ్రాములే. తేడా అంతా లోపలి వెండిలో. మొదటిదాంట్లో 91.7 శాతం, అంటే దాదాపు 10.7 గ్రాములు, 1940లో సగానికి దించేశారు కాబట్టి రెండోదాంట్లో 5.8 గ్రాములే. కరిగించే ధరకైతే పాతదే, అందులో ఆలోచించేదేం లేదు.

నాణెంగా అమ్మాలంటే లెక్క మారుతుంది. రెండూ కోట్లలో ముద్రించినవే, అందుకే సంవత్సరం చూసి మురిసిపోకండి (1939 దొరికితే మాత్రం ఎగిరి గంతేయొచ్చు), అరుగుదల చూడండి. 1918లో ముందు పోయేది కిరీటం మీది పని, రాజు చెవి, మెడలో హారానికున్న బుల్లి ఏనుగు. 1911లో ఈ ఏనుగే పందిలా ఉందని గొడవైతే మరుసటి ఏడాది బొమ్మ మార్చారు, కాబట్టి భూతద్దంలో తొండం, కాళ్లు విడివిడిగా కనిపిస్తే మంచి ముక్కే. 1944లో నేనైతే ముందు అంచు చూస్తాను: నిలువు గీతల మధ్య చుట్టూ సన్నని గాడి ఉండాలి, లేదంటే నకిలీ అని అనుమానించాల్సిందే.

ఏదైనా సరే, చింతపండు పెట్టి తోమారంటే మెరుపు వస్తుంది, ధర పోతుంది. కొక్కెం అతికించిన మచ్చ, చిల్లు ఉన్నాయా, ఇక సేకరించేవాళ్లు ముట్టుకోరు, అప్పుడు తక్కెడే గతి. తోమని, నల్లబడిన 1944 రూపాయి, మెరిసిపోతున్న 1918 రూపాయి పక్కపక్కన పెడితే నేను నల్లదే తీసుకుంటాను.