నెల్లూరులో పిల్లల రీడింగ్ ట్యాబ్ అమ్ముతున్నారు, డబ్బు కట్టకముందు ఇది చదవండి

పోయిన నెల మాగుంట లేఅవుట్‌లో స్టాల్ పెట్టినవాళ్లే. పసుపు టీషర్టులు వేసుకుని పిల్లల్ని పిలిచి బెలూన్లు ఇస్తుంటారు, మీలో చాలామంది చూసే ఉంటారు. ధర 28,500 రూపాయలు. ముందు 3,000, తర్వాత నెలకు 1,500 చొప్పున 17 నెలలు. ఇవాళ మధ్యాహ్నం వాళ్ల ఆఫీసు నుంచి వచ్చాను. కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి. అన్నం కూడా తినబుద్ధి కాక ఇది రాస్తున్నా.

మా పాప మూడో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతుంది. ఆగిందంటే ఇక కథ మీద ధ్యాస పోతుంది. పేజీ అంతా చదివేశాక ఏం జరిగిందో చెప్పమంటే నా మొహం చూస్తుంది. స్టాల్‌లో ఉన్న అబ్బాయి సరిగ్గా ఈ మాటే ఎత్తాడు. ‘అక్కా, అక్షరాలు పలకడం వేరు, అర్థం చేసుకోవడం వేరు. మా యాప్ పాప చదివేది వింటుంది. ఏ ఒత్తు దగ్గర తడబడిందో గుర్తుపెట్టుకుని తర్వాతి కథలో ఆ ఒత్తే ఎక్కువసార్లు వచ్చేలా చేస్తుంది. ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే కథను తేలిక చేస్తుంది. పాపకు ఇష్టమైన వాటి మీదే కథలు ఇస్తుంది’ అన్నాడు. పది నిమిషాలు టెస్ట్ పెట్టాడు. కుక్కపిల్లలంటే ఇష్టమని పాప చెబితే అదీ టైప్ చేసుకున్నాడు. మా పిల్ల కష్టాన్ని ఇన్నాళ్లకు ఒకరు కనిపెట్టారనుకుని నాకు కళ్లు చెమర్చాయి. ఓటీపీ అడిగితే చెప్పేశా. ఇంటికెళ్లి ఒక్క రోజు ఆలోచించుకుని ఉంటే సరిపోయేది. ఆగలేదు, తప్పు నాదే.

కథలో తన పేరు వస్తోందని మొదటి వారం పాప సంబరపడింది. తర్వాత ఒకరోజు ట్యాబ్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి ‘అమ్మా, నేను ఎక్కాడు ఏంది?’ అంది. చూస్తే తెర మీద ఇట్టా ఉంది: ‘చిన్ని కి భయం వేసింది. చిన్ని గబగబా చెట్టు ఎక్కాడు.’ ఎవరో మగపిల్లాడి కథ రాసిపెట్టుకున్నారు. అందులో పేరు తీసేసి మా పాప పేరు అతికించారు, అంతే.

అప్పుడు కుదురుగా కూర్చుని పరీక్షించా. మా అక్క కొడుకు కోవూరు నుంచి వచ్చి ఉన్నాడు, ఐదో తరగతి, తెలుగు గడగడా చదువుతాడు. వాడి పేరుతో ఇంకో ఖాతా తెరిచి టెస్ట్ రాయించా. వాడికీ అదే కథ. అదే చెట్టు, అదే కోతి. కుక్కపిల్ల ఊసే లేదు. ప్రశ్నలకు చదవకుండా మొదటి జవాబే నొక్కుకుంటూ పోతే తర్వాతి లెవెల్‌కి పంపించింది. ఆ ప్రశ్నలైనా కోతి ఏ రంగు, పండ్లు ఎన్ని, ఇంతే. ఆ పని ఎందుకు చేసింది, నువ్వైతే ఏం చేసేదానివి అని ఒక్కటీ లేదు. పిల్లకు అర్థమైందో లేదో ‘ఎందుకు’ అని అడిగితేనే కదా తెలిసేది! ఇక గట్టిగా చదవమనే చోట ఇద్దరం నోరు మూసుకుని పక్కన మిక్సీ వేశా. చట్నీ నలిగేలోపు మూడు నక్షత్రాలు వచ్చాయి, ‘చాలా బాగా చదివావు’ అని.

ఇదంతా వీడియో తీసుకుని, స్కూలుకు సెలవు కావడంతో పాపను వెంటబెట్టుకుని ఇవాళ ఆఫీసుకు వెళ్లా. ఆ అబ్బాయే ఉన్నాడు. ఆ రోజు నోరారా అక్కా అన్నవాడికి ఇవాళ నేను మేడమ్‌ని. వీడియో సగం కూడా చూడలేదు. సీల్ తీసిన బాక్సు వెనక్కి తీసుకోరంట. సీల్ తీయకుండా పిల్ల ఎట్టా చదువుతుంది? ‘అవన్నీ వదిలెయ్, ఇద్దరు పిల్లలకూ ఒకే కథ ఎందుకొచ్చిందో అది చెప్పు’ అన్నా. ఫోన్‌లోంచి తలెత్తకుండా అన్నాడు: ‘అంతమంది పిల్లలు వాడుతున్నారు మేడమ్, ఎవరికీ లేని ప్రాబ్లం మీ పాపకే వచ్చిందా? పాపలో లేంది యాప్ ఎక్కడి నుంచి తెచ్చిస్తుంది?’

పాప నా పక్క కుర్చీలోనే ఉంది. అప్పటిదాకా కాళ్లు ఊపుతూ కూర్చున్నది, ఊపడం ఆపేసింది. వాణ్ణి అక్కడే కడిగేయాల్సింది. నాకు నోరు రాలేదు. చెయ్యి పట్టుకుని బయటికొచ్చేశా. ఆటో ఎక్కితే దారి పొడవునా షాపుల బోర్డులు కూడబలుక్కుని చదివే పిల్ల, వేదాయపాళెం దాకా ఒక్కసారి కూడా బయటికి చూడలేదు. ఇంట్లోకి వచ్చి చెప్పులు విప్పుతూ ‘నాకు చదవడం రాదా అమ్మా?’ అంది. డబ్బు ఎట్టాగోట్టా సంపాదించుకుంటాం. ఎనిమిదేళ్ల పిల్ల చేత ఈ మాట అనిపించినందుకు వాళ్లను నేను క్షమించను.

కొనాలనుకునేవాళ్లు వేర్వేరు వయసుల పిల్లలిద్దరి పేర్లతో, తెలుగులోనే డెమో చేయించండి. కావాలని తప్పు చదివించండి, పట్టుకుంటుందేమో చూడండి. ఈఎంఐ అంటే ఫైనాన్స్ కంపెనీ మన పేరు మీద ఇచ్చే అప్పు, ట్యాబ్ మూలన పడేసినా కట్టాల్సిందే. ఇలాంటి డిజిటల్ లోన్లకు రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆ లోపు అసలు, అన్నాళ్ల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. నేను లోన్ కాగితం తెరిచేసరికి ఆ గడువు దాటిపోయింది. మీరు తీసుకున్న రోజే చూసుకోండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చా. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తా. కొన్నదాని విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ లేకుండా మనమే వాదించుకోవచ్చు. ఆ స్టాల్‌లో కొన్నవాళ్లు బిల్లు, వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయకుండా ఉంచుకుని నాకు చెప్పండి, కలిసి వెళ్దాం.

ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిలుగా ఉచితంగానే ఉన్నాయి. పాప టీచరమ్మ ఎప్పుడో చెప్పింది, నేనే పట్టించుకోలేదు. ఈ రాత్రికి అందులో కుక్కపిల్ల కథ ఒకటి వెతికి, పక్కన కూర్చుని చదివిస్తా. ఒత్తు దగ్గర ఆగితే ఆగనీ.