సెలూ: మొక్కజొన్న తల్లి, అణువు, ఒక చెరోకీ కవయిత్రి

మారిలూ అవియాక్టా 1993లో వెలువరించిన ‘సెలూ’ పుస్తకంలో కవితలు, వ్యాసాలు, పురాణకథలు, జ్ఞాపకాలు కలిసే ఉంటాయి. అమెరికా ఆదివాసీ తెగ అయిన చెరోకీలు లోపల ఒకటి, వెలుపల ఒకటిగా అల్లే జంట పొరల బుట్టనే నమూనాగా తీసుకుని ఆమె దీన్ని కూర్చారు. అందుచేత ఒకచోట విడిచిన విషయం చాలా పుటల తరువాత మరో కోణంలో తిరిగి వస్తుంది. వరుసగా సాగే చరిత్రను కోరేవారికి ఇది చికాకు కలిగించవచ్చు.

పుస్తకానికి మూలం సెలూ కథ. తన శరీరం నుంచే మొక్కజొన్నను తీసి ఇంటివారికి పెట్టే ఆ తల్లిని, చాటుగా చూసిన పిల్లలు మంత్రగత్తెగా భావించి చంపదలుస్తారు. సంగతి గ్రహించిన ఆమె, తన మరణానంతరం పైరు ఎలా మొలవాలో వారికే నేర్పి వెళుతుంది. ఈ కథను అవియాక్టా తన బాల్యానికి ముడివేసిన తీరు అసాధారణం. 1936లో టెన్నెసీలోని నాక్స్‌విల్‌లో పుట్టిన ఆమె, హిరోషిమాపై వేసిన బాంబుకు యురేనియం శుద్ధి చేసిన ఓక్ రిడ్జ్‌లో పెరిగారు. క్షమాపణ కోరకుండా జింకను చంపిన వేటగాణ్ణి కీళ్లవాతంతో శిక్షించే ‘అవి ఉస్ది’ అనే చిన్న తెల్లజింక చెరోకీ కథల్లో ఉంది. ఆ జింకను ఆమె అణుకక్ష్యల మధ్య దూకుతున్నట్లు తన చిహ్నంగా చేసుకున్నారు. అనుమతి అడగకుండా ప్రకృతి శక్తిని తీసుకోవడం గురించి ఆమెకున్న అభ్యంతరమంతా ఆ ఒక్క బొమ్మలో ఇమిడిపోయింది. విజ్ఞానాన్ని ఆమె ద్వేషించరు. దానికి మర్యాద నేర్పాలంటారు, ఆ తేడా నాకు నచ్చింది.

టెన్నెసీలోని టెల్లికో ఆనకట్ట ప్రస్తావన బాధిస్తుంది. అంతరించే ప్రమాదంలో ఉన్న స్నెయిల్ డార్టర్ అనే చిన్న చేప కోసం 1978లో అమెరికా సుప్రీంకోర్టు నిర్మాణాన్ని నిలిపివేసినా, అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ మరుసటి ఏడాది మినహాయింపు ఇవ్వడంతో చెరోకీల ప్రాచీన పట్టణం చోటా స్థలం, చెరోకీ లిపిని రూపొందించిన సెక్వోయా జన్మస్థలం జలాశయం పాలయ్యాయి.

లోపమూ ఉంది. పాఠకుడు తానే గ్రహించగలిగినదాన్ని రచయిత్రి మధ్యమధ్య ఆగి మళ్లీ వివరిస్తారు. ముఖ్యంగా మొక్కజొన్న నుంచి నేర్చుకోదగిన గుణాల గురించిన భాగాలు ప్రసంగంలా సాగుతాయి. కవితల్లో ఈ బెడద తక్కువ: పంక్తులు పొట్టివి, మాటలు తేటవి, చెప్పి వదిలేస్తారు. చెరోకీల స్వపరిపాలన ప్రభుత్వమైన చెరోకీ నేషన్‌కు తొలి మహిళా ప్రిన్సిపల్ చీఫ్ (అధినేత) అయిన విల్మా మ్యాన్‌కిల్లర్ రాసిన ముందుమాట చదివి, నేరుగా ఓక్ రిడ్జ్ భాగాలకు వెళ్లి, ఆ తరువాత మొదటికి వస్తే పుస్తకం సులభంగా పట్టుబడుతుంది.