కేబుల్ సంగతి పది సెకన్లలో తేల్చే ఐపెర్ఫ్3

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మా ల్యాబ్‌లో నెట్‌వర్క్ చూసేది నేనే. ఫుటేజీ అంతా ఒక స్టోరేజ్ కంప్యూటర్‌లో ఉంటుంది, ఎడిటర్లు ఎవరి సిస్టమ్‌లోకి వాళ్లు కాపీ చేసుకుంటారు. కాపీ నెమ్మదిస్తే అందరూ నన్నే పిలుస్తారు. అప్పుడు నేను ముందుగా తెరిచేది ఐపెర్ఫ్3, రెండు కంప్యూటర్ల మధ్య నెట్‌వర్క్ వేగం కొలిచే ప్రోగ్రామ్. పైసా ఖర్చు లేదు. బటన్లూ బొమ్మలూ ఉండవు, నల్ల స్క్రీన్ మీద అంకెలే. అయినా లోకల్ నెట్‌వర్క్‌తో పనున్న ఎవరికైనా దీన్ని గట్టిగా సిఫార్సు చేస్తాను.

స్పీడ్ టెస్ట్ సైట్లు చెప్పేది మన ఇంటర్నెట్ సంగతి. ఈ గదిలోని సిస్టమ్‌కీ పక్క గదిలోని సిస్టమ్‌కీ మధ్య ఏం జరుగుతోందో వాటికి తెలియదు. పింగ్ కొడితే అవతలి మిషన్ పలుకుతోందో లేదో, ఎంత ఆలస్యంగా పలుకుతోందో తెలుస్తుంది, అంతవరకే. ఫైల్ కాపీ చేసి చూద్దామంటే అందులో హార్డ్ డిస్క్ వేగం కూడా కలిసిపోతుంది. ఐపెర్ఫ్3 మామూలుగా డిస్క్ జోలికే పోదు. మెమరీలోంచి డేటా పంపుతుంది, అవతల అందుకుని పారేస్తుంది. అందుకే తప్పు డిస్క్‌దా, కేబుల్‌దా అన్న గొడవ అక్కడితో తెగిపోతుంది.

ఈ సీజన్‌లో ఒక ఎడిటర్ సిస్టమ్‌కి కాపీ సెకనుకు 11 మెగాబైట్ల దగ్గరే ఆగిపోయింది. డిస్క్ పోయింది, ఎస్ఎస్‌డీ మార్చాల్సిందేనని షాపతను కొటేషన్ కూడా ఇచ్చేశాడు. స్టోరేజ్ మిషన్‌లో ఐపెర్ఫ్3 మైనస్ ఎస్ అని కొట్టి సర్వర్‌గా పెట్టాను. ఇటు ఎడిటర్ సిస్టమ్‌లో మైనస్ సి, పక్కన సర్వర్ ఐపీ అడ్రస్; అంటే ఇది క్లయింట్. సెకనుకో లైన్ చొప్పున పది లైన్లు దిగాయి, అన్నిట్లోనూ 94 మెగాబిట్ల చుట్టూనే. బైటుకు 8 బిట్లు కాబట్టి 8తో భాగిస్తే దాదాపు ఆ 11 మెగాబైట్లే. అంటే డిస్క్ తప్పేం లేదు, గిగాబిట్‌లో, అంటే 1000 మెగాబిట్లలో నడవాల్సిన లింక్ 100 మెగాబిట్లకు పడిపోయింది.

నెట్‌వర్క్ కేబుల్‌లో నాలుగు జతల వైర్లుంటాయి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. టేబుల్ కింద కుర్చీ చక్రం రాసుకుని రాసుకుని గోధుమరంగు వైరు కనెక్టర్‌లోంచి ఊడి వచ్చేసింది. గోధుమరంగు జత లేకపోయినా 100 మెగాబిట్లు నడుస్తాయి కాబట్టి నెట్ ఆగలేదు, ఎవరికీ అనుమానం రాలేదు. కొత్త కనెక్టర్ క్రింప్ చేసి మళ్లీ టెస్ట్ పెడితే 941 మెగాబిట్లు. గిగాబిట్ లింక్‌లో హెడర్లకు, అంటే ప్రతి డేటా ముక్కకూ తగిలించే అడ్రస్ వివరాలకు పోయేది పోగా చేతికి దక్కేది అంతే, కాబట్టి 1000 రాలేదని కంగారు పడనక్కర్లేదు. గంటన్నర దాటే 64 జీబీ కార్డు కాపీ పది నిమిషాలకు వచ్చింది.

దీన్ని తయారుచేసి చూసుకుంటున్నది అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ నడిపే ఎస్‌నెట్. పరిశోధనా కేంద్రాల మధ్య భారీ డేటా మోసే నెట్‌వర్క్ అది. ఆ శ్రద్ధ ఈ టూల్‌లో కనిపిస్తుంది. లినక్స్‌లో వచ్చే రెట్ర్ అనే కాలమ్ చూడండి: ఎన్ని ప్యాకెట్లు (డేటా ముక్కలు) మళ్లీ పంపాల్సి వచ్చిందో అక్కడ ఉంటుంది. స్పీడ్ బాగానే ఉన్నా ఆ అంకె పెరుగుతూ పోతోందంటే కేబుల్‌నో స్విచ్ పోర్టునో అనుమానించాలి.

ఇబ్బందులు లేకపోలేదు. యూడీపీ (డేటా అందిందో లేదో చూసుకోకుండా పంపే పద్ధతి) టెస్ట్‌కి మైనస్ బి ఇచ్చి వేగం చెప్పకపోతే 1 మెగాబిట్ దగ్గరే నడుపుతుంది, కొత్తవాళ్లకు నెట్‌వర్క్ చచ్చిపోయిందేమో అని టెన్షన్. పాత ఐపెర్ఫ్2తో దీనికి మాట కలవదు, రెండు వైపులా 3 ఉండాల్సిందే. ఒక సర్వర్ ఒకసారికి ఒక టెస్టే తీసుకుంటుంది. విండోస్‌కు ఎస్‌నెట్ అధికారికంగా సపోర్ట్ ఇవ్వదు, ఇతరులు తయారుచేసిన ప్యాకేజీలు వెతుక్కోవాలి. ఫైర్‌వాల్‌లో ఐపెర్ఫ్3 వాడే 5201 పోర్టు తెరవడం కూడా మరిచిపోవద్దు.

వైఫై మీద పెట్టేటప్పుడు మాత్రం రెండు దిక్కులా చూడండి. మామూలుగా డేటా క్లయింట్ నుంచి సర్వర్‌కు పోతుంది, మైనస్ పెద్ద ఆర్ (క్యాపిటల్ R) ఇస్తే అటు నుంచి ఇటు వస్తుంది. మా ల్యాప్‌టాప్‌లలో ఈ రెండు అంకెలూ ఎప్పుడూ ఒకటి కావు. ఎడిటర్‌కు కావాల్సింది రెండోదే.