2021 బర్గండీ నాలుగు బాటిల్స్, ఒక వంజరం వేపుడు
మొన్న ఆదివారం లాసన్స్ బే కాలనీలో మా ఫ్రెండ్ వాళ్ళ డాబా మీద కూర్చుని 2021 బర్గండీ (ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతం వైన్, 2021 పంటది) నాలుగు బాటిల్స్ ఓపెన్ చేశాం, ఫ్రాన్స్ నుంచి వాళ్ళ అక్కాబావ మనిషికి రెండేసి తెచ్చారు, డ్యూటీ కట్టకుండా తెచ్చుకునే మందు లిమిట్ 2 లీటర్లే కదా. ఆ ఏడు ఏప్రిల్‌లో మంచు పడి అక్కడ షార్డొనే (వైట్ వైన్ చేసే ద్రాక్ష) మొగ్గలు మాడిపోయాయి, పైగా వేసవిలో వానలు, తెగులు, పంట బాగా తగ్గింది, ఆ చల్లటి వాతావరణం వల్లే ఇవి 2020 వైన్‌లలా బరువుగా ఉండవు, పల్చగా కాస్త పుల్లగా ఉంటాయి, నాకైతే అదే నచ్చింది.

వైట్ వైన్ షాబ్లీ అదిరింది గురూ! నిమ్మచెక్క, తడి రాయి వాసన, పక్కన వేడివేడి వంజరం వేపుడు, ఇంకేం కావాలి. రెడ్ వైన్ వోల్నే మొదట్లో ఏమీ తెలీలేదు, మన వైజాగ్ ఉక్కపోతలో రూమ్ టెంపరేచర్ అంటే 32 డిగ్రీలు మరి, 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీశాక అప్పుడు చెర్రీ, కొంచెం గులాబీ బైటికొచ్చాయి. ఇంకో రెడ్, జెవ్రే షాంబెర్తాన్, ఇంకా బిగుసుకునే ఉంది, వాసన, రుచి విచ్చుకోలేదు, ఇంకో రెండేళ్ళు ఆగాల్సింది. నాలుగోదానికి కార్క్ పాడై తడిసిన అట్టపెట్టె కంపు, సింకులో పోసేశాం, ప్రాణం ఉసూరుమంది.

రొయ్యల ఇగురు కారంగా ఉంటే మాత్రం ఈ రెడ్ జోలికి పోకండి, రెండూ పాడవుతాయి.