కాల్షియం నైట్రేట్: కొన్ని సీజన్లు వాడాక నా అభిప్రాయం

కుండీల్లో టమాట, క్యాప్సికం పెంచేవాళ్ళకు కాయ అడుగున నల్లటి మచ్చ కనబడిందంటే టెన్షన్ మొదలు. ఎవరిని అడిగినా కాల్షియం లోపం, కాల్షియం నైట్రేట్ అనే ఎరువు వేయమంటారు. నేనూ కొన్ని సీజన్లుగా వాడుతున్నాను. పనిచేస్తుంది, కానీ నీళ్ళు సరిగా పెట్టే కుండీలోనే.

తెల్లటి గుళికల్లా ఉంటుంది. నత్రజని 15.5 శాతం, కాల్షియం దాదాపు 18.8 శాతం. నీళ్ళలో ఇట్టే కరుగుతుంది, మడ్డి మిగలదు. నిల్వ పెట్టడమే తలనొప్పి: గాలిలోని తేమ పీల్చుకుని ముందు గడ్డకడుతుంది, తర్వాత నీరు కారుతుంది. ప్యాకెట్ తెరిచిన రోజే మూత గట్టిగా పట్టే డబ్బాలోకి మార్చేయాలి.

కాల్షియం వేర్ల నుంచి నీటితో పాటే పైకి వెళ్తుంది. ఒక ఆకులో చేరాక అక్కడి నుంచి మరోచోటికి దాదాపు కదలదు. అందుకే ముదురాకులు పచ్చగానే ఉంటాయి, చిగుళ్ళు వంకర్లు తిరుగుతాయి, కాయల అడుగు కుళ్ళుతుంది. పైగా ఆకుల నుంచి నీరు ఎక్కువగా ఆవిరవుతుంది కాబట్టి కాల్షియంలో ఎక్కువ భాగం వాటికే పోతుంది. కాయకు అందేది కొంచెమే. మట్టిలో కాల్షియం దండిగా ఉన్నా, ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచేస్తే ఆ కొంచెమూ అందదు. నా కుండీల్లో ఈ తేడా బాగా కనిపించింది. మందు ఒకటే, మోతాదు ఒకటే. పెద్ద కుండీల్లో ఎండుటాకులు కప్పి, తడి ఆరకుండా చూసుకున్న మొక్కలకు మచ్చలు దాదాపు ఆగిపోయాయి. మధ్యాహ్నానికే వాడిపోయే చిన్న కుండీల్లో మాత్రం మందు వేసినా వస్తూనే ఉన్నాయి.

స్ప్రే మీద నాకు పెద్ద నమ్మకం లేదు. లీటరుకు 5 గ్రాములు కలిపి సాయంత్రం పూట కొడతాను. ఆకు మీద పడింది కాయకు చేరదు కాబట్టి పిందెల మీదే పడాలి, అదీ అవి చిన్నగా ఉన్నప్పుడే. ఒకసారి నల్లబడిన కాయ మళ్ళీ బాగుపడదు. తెంపేయడమే మంచిది.

మోతాదు పెంచితే ఫలితం పెరుగుతుందనుకోవద్దు. ఇందులో నత్రజని కూడా ఉంది కదా, మొక్క గుబురుగా ఆకు వేస్తుంది, ఆ ఆకులే మళ్ళీ కాల్షియానికి పోటీ. పొటాష్, మెగ్నీషియం, అమ్మోనియా రూపంలోని నత్రజని ఎక్కువైనా వేర్లు కాల్షియం తీసుకోవడం తగ్గుతుంది. ఈ మచ్చకు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వేయమనే సలహా ఎక్కడి నుంచి పుట్టిందో గానీ, అది చేసేది మేలు కాదు. ఎప్సమ్ సాల్ట్‌నూ కాల్షియం నైట్రేట్‌నూ చిక్కగా ఒకే నీళ్ళలో కలిపితే అడుగున తెల్లగా జిప్సం (కాల్షియం సల్ఫేట్) పేరుకుంటుంది. కాల్షియం నైట్రేట్‌ను ఫాస్ఫేట్ ఎరువులతోనూ కలపకూడదు.

గుడ్డు పెంకుల సంగతీ చెప్పాలి. పాత కుండీ తిరగేసినప్పుడు పెంకు ముక్కలు వేసినవి వేసినట్టే బయటపడ్డాయి. అవి ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్, ఆమ్ల గుణం ఉన్న మట్టిలోనే, అదీ మెత్తటి పొడి చేస్తేనే మెల్లగా కరుగుతాయి. పిందె మీద మచ్చ వచ్చాక వేస్తే ఆ పంటకు ఉపయోగం లేదు. మట్టి కలిపేటప్పుడే వేసుకోవడానికి నా ఓటు జిప్సానికి: కాల్షియం ఇస్తుంది, సున్నంలా పీహెచ్ పెంచదు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువగా వాడేవాళ్ళకు మాత్రం కాల్షియం నైట్రేట్ నిజంగా అక్కరకొస్తుంది, ఎందుకంటే కోకోపీట్ కాల్షియాన్ని తనలో పట్టేసుకుంటుంది.

మళ్ళీ కొంటాను, చిన్న ప్యాకెట్ చాలు. మీ నీళ్ళు బాగా గట్టివై పాత్రలకు తెల్లటి పొర కడుతుంటే వాటిలో కాల్షియం ఎలాగూ ఉన్నట్టే. ముందు నీళ్ళు పెట్టే పద్ధతి మార్చి చూడండి, అప్పటికీ కొత్త పిందెలకు మచ్చలొస్తే కొనుక్కోవచ్చు.