వీఈ-క్యాడ్‌హెరిన్, క్లాడిన్-5: రక్తనాళం లీక్ అవ్వకుండా ఏది ముఖ్యం?

రక్తనాళాల లోపలి పొర కణాలు అతుక్కుని ఉండాలంటే ఈ రెండు ప్రోటీన్లూ కావాలి, కానీ పని వేరు. వీఈ-క్యాడ్‌హెరిన్ దాదాపు అన్ని రక్తనాళాల్లోనూ ఉంటుంది, కాల్షియం ఉంటేనే పక్క కణంలోని తన జోడీని పట్టుకుంటుంది, లోపల కాటెనిన్లనే ప్రోటీన్ల ద్వారా కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ పోగులకి కట్టేసి ఉంటుంది, అలర్జీలో శరీరం వదిలే హిస్టమిన్ అనే రసాయనం వస్తే ఆ పట్టు కాసేపు వదులై ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, బయటికి కారుతుంది, దోమ కుట్టినచోట వాపు వచ్చేది అందుకే.

క్లాడిన్-5 మెదడు రక్తనాళాల్లో బాగా ఎక్కువ, చిన్న అణువుల్ని కూడా సందులోంచి పోనివ్వదు. 2003లో అది లేని చిట్టెలుకల్ని చూస్తే నాళాలు మామూలుగానే ఏర్పడ్డాయి, పెద్ద అణువులు ఆగాయి, దాదాపు 800 డాల్టన్ల (అణువుల బరువు కొలత) లోపువి మాత్రం మెదడులోకి దూరాయి, పాపం ఆ చిట్టెలుకలు పుట్టిన కొన్ని గంటల్లోనే చనిపోయాయి. వీఈ-క్యాడ్‌హెరిన్ లేనివైతే పిండంగానే పోయాయి.

నా ఓటు వీఈ-క్యాడ్‌హెరిన్‌కే, ఎందుకంటే అది కుదురుకుంటేనే క్లాడిన్-5 జీన్ బాగా పనిచేస్తుంది, లేకపోతే జీన్లని అదుపు చేసే ఫాక్సో1 అనే ప్రోటీన్ దాన్ని అణిచేస్తుంది.