విలేకరి జైల్లో ఉంటే ఈ-కోర్ట్స్ యాప్ ఎంతవరకు పనికొస్తుంది?

అవినీతి వార్త రాసిన విలేకరిని లోపలేస్తే, నాంపల్లి కోర్టు చుట్టూ తిరిగే ఇంటివాళ్ల ఫోన్లో కోర్టు కేసుల వివరాలు చూపే ఈ ఉచిత యాప్ ఉండాల్సిందే. కేసుకు కోర్టు ఇచ్చే 16 అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య (సీఎన్ఆర్) కొడితే వాయిదా తేదీ తెలుస్తుంది. అది లేకుంటే స్టేషన్, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరంతో వెతకండి. పేరుతో వెతికితే ఇంగ్లిష్ స్పెల్లింగ్ తేడాకే కేసు దొరక్కపోవచ్చు.

అసలు లోటు మొదటి రోజుల్లోనే. కోర్టులో కేసుకు నంబరు పడేదాకా యాప్ పనికిరాదు. కానీ ప్రాణం పోసేది ఆ గంటలే: 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి, అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. అలా ఇవ్వలేదనే న్యూస్‌క్లిక్ వార్తా వెబ్‌సైట్ సంపాదకుడు ప్రబీర్ పుర్కాయస్థ అరెస్టు చెల్లదని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ముందు వకీలుతో రిమాండ్ రిపోర్టు (కస్టడీ కోరుతూ పోలీసులు మెజిస్ట్రేట్‌కు ఇచ్చేది) నకలు తీయించండి.

నేరాన్నిబట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే బెయిల్ హక్కు వస్తుంది. రిమాండ్ తేదీ నుంచి ఆ లెక్క మీరే రాసుకోండి.